డికాక్షన్ దిగకపోతే తప్పెవరిది?
కాఫీ సాధనాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఛాయ్ రాజ్యమేలే మన జిల్లాల నుంచి కాఫీ మీద వచ్చిన ప్రశ్నలివి. ఎక్కువ మంది సాధనం గురించే అడిగారు. జవాబు వెతుకుతూ పోతే చిక్కు చాలావరకు పొడిలోనో, నీళ్లలోనో తేలింది.

ప్రశ్న: స్టీలు ఫిల్టర్ కొన్నాను. రాత్రి పొడి వేసి వేణ్ణీళ్లు పోసి పడుకుంటే, తెల్లారేసరికి పైన నీళ్లు పైనే ఉంటున్నాయి, కింద రెండు చెంచాల డికాక్షన్. ఇంకోరోజు గబగబా దిగిపోయి ఎర్రనీళ్లలా వస్తుంది. పొడి అదే, ఫిల్టర్ అదే. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులమ్మా. ముందు దిగని సంగతి చూద్దాం.

ఖాళీ పై డబ్బాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని అడుగు చూడండి. చిల్లులన్నీ చుక్కల్లా మెరవాలి. మధ్యలో అక్కడక్కడా నల్లగా కనిపిస్తే అవి పూడిపోయినట్టే. నీళ్లలో ఒక నిమ్మకాయ పిండి, డబ్బా మునిగేలా పెట్టి పది నిమిషాలు మరిగించి, పాత టూత్‌బ్రష్‌తో కింది వైపు నుంచి రుద్దండి. సూదితో పొడవకండి. ఒక్క చిల్లు పెద్దదైనా నీళ్లన్నీ అక్కడి నుంచే జారిపోతాయి.

చిల్లులు బాగానే ఉంటే రెండో అనుమానం గాలి మీద. పై డబ్బా కింది డబ్బాలో మరీ బిగుతుగా కూర్చుంటే లోపలి గాలి బయటికి పోయే దారి ఉండదు. గాలి పోనిదే డికాక్షన్ దిగదు. పై డబ్బాను వెంట్రుకవాసి లేపి మళ్లీ వదులుగా పెట్టండి. ఒక్కసారిగా బొట్లు మొదలైతే దొంగ దొరికినట్టే. అప్పటికీ దిగకపోతే పొడి మరీ పిండిలా ఉందని, లేదా పొడి మీద పెట్టే చిల్లుల బిళ్లతో గట్టిగా అదిమారని అర్థం. చికోరీ, అంటే కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి, ఎక్కువుంటే ఈ బాధ మరింత. తడిస్తే చికోరీ ఉబ్బి జిగురు కడుతుంది.

ఇక ఎర్రనీళ్ల సంగతి. మీ ఫిల్టర్ ఎంత పెద్దదో రాయలేదు. ఆరు కప్పుల ఫిల్టర్‌లో ఇద్దరికి సరిపడా పొడి వేస్తే అది అడుగున పల్చని పొరలా పరుచుకుంటుంది, నీళ్లకు అడ్డు లేక రుచి పట్టకముందే దిగిపోతాయి. తడవక ముందు పొడి మట్టం వేలి వెడల్పున్నర, అంటే రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. అంతకు తగ్గితే చిన్న ఫిల్టర్ కొనుక్కోవడమే మేలు. పొడిని కొలవకుండా వేసినా ఇదే గతి. ఒకరోజు తలకొట్టు చెంచా, ఇంకోరోజు గోపురం చెంచా అయితే ఫిల్టర్ మాత్రం ఏం చేస్తుంది!

ముగ్గురికి లెక్క ఇది: పొడి 20 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు. పొడి వేసి, డబ్బా పక్కన రెండుసార్లు తట్టి చదును చేసి, బిళ్లను బరువు మోపకుండా ఊరికే ఆనించండి. మరిగిన నీళ్లు ముందు రెండు పెద్ద చెంచాలు గుండ్రంగా పోసి ఒక నిమిషం ఆగండి. పొడి పొంగి, లోపలున్న గాలి బుడగలు పోతాయి. తర్వాత మిగతా నీళ్లు బిళ్ల మీదే పడేలా పోసి మూత పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాల్లో 110 మిల్లీలీటర్ల దాకా డికాక్షన్ దిగుతుంది. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్లు పట్టేసుకుంటుంది కనుక పోసినంతా రాదు. కప్పుకు 35 డికాక్షన్, 100 పాలు. అదే పొడి మీద రెండోసారి పోసిన నీళ్లకు రంగొస్తుంది, చేదొస్తుంది, వాసన రాదు. తప్పనిసరైతే మొదటిదానిలో కొద్దిగా కలుపుకోండి, విడిగా మాత్రం వద్దు.

నీళ్లు మరగ్గానే పోయొచ్చా, చల్లారనివ్వాలా అని కూడా అడిగారు. సముద్రమట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తులో ఉన్నాం కాబట్టి మన దగ్గర నీళ్లు వంద డిగ్రీలకు కాస్త ముందే మరుగుతాయి, మహబూబ్‌నగర్‌లో 98 దగ్గర. స్టవ్ ఆర్పి గిన్నె తెచ్చి పోసేలోపు 95కు వస్తాయి. అంతకన్నా చల్లార్చక్కర్లేదు.

ప్రశ్న: దుకాణంలో కాఫీ పొడి అడిగితే ప్యాకెట్ ఇచ్చారు. పాలల్లో వేసి మరిగిస్తే కరగలేదు, అడుగున గసి. నకిలీదా?
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: నకిలీ కాదు, మీకు ఇచ్చింది ఫిల్టర్ పొడి. అంటే వేయించి మర పట్టిన గింజ, ఎన్నాళ్లు మరిగించినా కరగదు. కరిగేది ఇన్‌స్టంట్. అది ఫ్యాక్టరీలో ముందే డికాక్షన్ తీసి ఎండబెట్టిన పలుకు. ఛాయ్ పత్తాలా మరిగించి వడకడదామన్నా కుదరదు. పాలల్లో ఉడికిన కాఫీ పొడి మాడు చేదు దిగుతుంది, ఛాయ్ జాలీలో ఆగదు. పారేయకండి. ఫిల్టర్ లేకపోతే నాలుగు చెంచాల పొడి మీద అర గ్లాసు మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచి, తడిపి పిండిన మల్లు గుడ్డలో వడకట్టండి. ప్యాకెట్ మీద సన్న అక్షరాల్లో కాఫీ శాతం, చికోరీ శాతం ఉంటాయి, చూసి కొనండి. కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశంలో నిబంధన. 80:20 అయితే వాసన బాగుంటుంది. 53:47 అయితే రంగు, చిక్కదనమే తప్ప కాఫీ వాసన వెతుక్కోవాలి.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్ ఊరు. బోరు నీళ్లతో కాఫీ పెడితే చప్పగా, సున్నం తిన్నట్టు ఉంటుంది. ప్లాంటు నీళ్లతో పెడితే పుల్లగా, పల్చగా ఉంటుంది. బాగా మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది కదా, బోరు నీళ్లే వాడొచ్చా?
– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: పోదు. ఈ ఒక్క మాట మీ వాడకట్టులో పది మందికి చెప్పండి. మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీళ్లు మరిగి 800 మిల్లీలీటర్లయితే ఆ లెక్క దాదాపు 1.9కి పెరుగుతుంది. తాగునీటికి మన ప్రమాణం 1.0, వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠం 1.5. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టింది. 'నల్లగొండ టెక్నిక్' అని ప్రపంచమంతా పిలిచేది దాన్నే. కానీ మోతాదు నీటి పరీక్షను బట్టి ఉంటుంది, వంటింట్లో చిటికెడు పటిక వేసి చేసేది కాదు. కాబట్టి కాఫీకైనా, ఛాయ్‌కైనా నల్లా నీళ్లు లేదా ఆర్వో (ప్లాంటు) నీళ్లే. ఇంకో సంగతి: తేయాకు తనంతట తనే ఫ్లోరైడ్‌ను నేల నుంచి పీల్చి ఆకులో దాచుకుంటుంది, కాఫీ గింజలో ఆ గొడవ చాలా తక్కువ. రోజుకు ఎనిమిది ఛాయ్‌లు తాగే ఊళ్లో ఇది పట్టించుకోవాల్సిన తేడాయే.

ఇక రుచి. మీ నాలుక చెప్పింది నిజం. కాఫీలో ఉండే సన్నని పులుపే దానికి ప్రాణం. బోరు నీటిలోని క్షారం ఆ పులుపును చంపేస్తుంది, అందుకే చప్పదనం. ప్లాంటు నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. గింజలోని రుచిని లాగడానికి కాస్త కాల్షియం, మెగ్నీషియం కావాలి, పులుపును అదుపులో పెట్టడానికి కాస్త క్షారం కావాలి. రెండూ లేక కాఫీ పుల్లగా, పల్చగా తేలిపోతుంది. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగున్న లవణాల లెక్క, 100 నుంచి 150 మధ్య ఉంటే కాఫీకి బాగా కుదురుతుంది. ఉదాహరణకు ఆర్వో నీళ్ల టీడీఎస్ 30, నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లది 300 అనుకోండి. రెండు గ్లాసుల ఆర్వోకు ఒక గ్లాసు నల్లా నీళ్లు కలిపితే 120 వస్తుంది. కలిపేది నల్లా నీళ్లే, బోరు నీళ్లు కాదు. ఫ్లోరైడ్ ఎంతుందో టీడీఎస్ మీటరు చెప్పదు.

ప్రశ్న: దోస్తు చెప్పిండని ఫ్రెంచ్ ప్రెస్ తెప్పిచ్చిన. ప్లంజర్ ఒత్తితే కిందికి పోతలేదు, గట్టిగ ఒత్తితే కాఫీ ఎగిరి చెయ్యి మీద పడ్డది. అడుగున బురద లెక్క దిగుతుంది. వాపస్ పంపాల్నా?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పంపకండి, ప్రెస్ తప్పేం లేదు. అది పొడిని నీళ్లలో నానబెట్టి, జాలీ ఉన్న ప్లంజర్‌తో అడుగుకు ఒత్తే గాజు పాత్ర. మీరు అందులో వేసింది ఫిల్టర్ పొడి అయ్యుంటుంది. ప్రెస్‌కు పొడి జొన్నరవ్వంత బరకగా ఉండాలి, చికోరీ అసలు ఉండొద్దు. మెత్తని పొడి జాలీని మూసేస్తుంది, సందుల్లోంచి జారిన సన్నపొడే మీరు చూసిన బురద. బరక పొడి 20 గ్రాములకు 300 మిల్లీలీటర్ల నీళ్లు. పోసి ఒకసారి కలిపి నాలుగు నిమిషాలు ఆగండి. పైన తేలిన మీగడ లాంటి పొరను చెంచాతో కదిపితే పొడి చాలామట్టుకు అడుగుకు పోతుంది. నురుగు తీసేసి, ఇంకో రెండు మూడు నిమిషాలాగి అప్పుడు ప్లంజర్ మెల్లగా దించండి. అర అంగుళం దిగి ఆగిపోతే బలం పెట్టొద్దు, కాస్త పైకి లాగి మళ్లీ దించండి. గాజు పాత్రలో వేడి నీళ్లతో బాహుబలి వేషాలు వద్దు.

గింజ ఇంట్లో ఉంటే మిక్సీలో పట్టొచ్చా అన్నది మీ రెండో ప్రశ్న. పట్టొచ్చు గానీ ఒకేసారి తిప్పకండి. చిన్న జారులో 30 గ్రాములు వేసి మూడు సెకన్లు తిప్పడం, ఆపి జారును ఊపడం, ఇలా ఆరేడు సార్లు. వరసగా తిప్పితే పొడి వేడెక్కి వాసన ముందే పోతుంది. తర్వాత పిండి జల్లెడ పట్టి, కిందికి రాలిన మెత్తటిది ఫిల్టర్‌కు, జల్లెడలో నిలిచింది ప్రెస్‌కు వాడుకోండి.

ప్రశ్న: మోకా పాట్‌లో కాఫీ మాడు వాసన వస్తోంది. ఇండక్షన్ స్టవ్ మీద పెడితే అసలు వేడే ఎక్కదు.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: కింది గదిలో కాగిన నీళ్లు ఒత్తిడితో పొడి గుండా పైకెక్కే కాఫీ పాత్రే మోకా పాట్. మీది అల్యూమినియం పాట్ అయ్యుంటుంది. 1933లో ఇటలీలో బియాలెట్టి మొదలుపెట్టిన నాటి నుంచీ మోకా పాట్‌కు వాడుకలో ఉన్న లోహం అదే, ఇండక్షన్ మీద పనిచేయదు. స్టీలుది కొన్నా అడుగు మరీ చిన్నదైతే కొన్ని ఇండక్షన్ స్టవ్‌లు గుర్తించవు. గ్యాస్ మీద చిన్న బర్నర్ వాడండి. స్టవ్ కాళ్ల మధ్య పాట్ నిలవకపోతే పైన రొట్టెలు కాల్చే ఇనుప జాలీ వేసుకోండి.

మాడు వాసనకు కారణం ఎక్కువ సేపు సెగ తగలడం. చన్నీళ్లు పోసి పెడితే అవి మరిగేదాకా పైనున్న పొడి కాలుతూ ఉంటుంది. అందుకే కింది గదిలో ముందే వేడిచేసిన నీళ్లు పోయండి, పక్కనున్న సేఫ్టీ వాల్వ్ కిందివరకే. గిన్నెలో పొడి నిండుగా వేసి వేలితో చదును చేయండి, అదమకండి. బట్ట పట్టుకుని బిగించి, సన్నని సెగ మీద మూత తీసి పెట్టండి. ముందు చిక్కని గోధుమరంగు ధార వస్తుంది. అది తేనె రంగుకు తిరిగి, గుడగుడ శబ్దం మొదలవగానే దించి పాట్ అడుగును నల్లా కింద పెట్టండి. గుడగుడ పూర్తయ్యేదాకా ఉంచితే వచ్చేది ఆవిరి, చేదు.

మన నీళ్లతో దీనికో ప్రమాదముంది. ఆ వాల్వ్ చుట్టూ తెల్లగా సున్నం పేరుకుని అది బిగుసుకుపోవచ్చు. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు తెరుచుకోవాల్సిన దారి అదే. మధ్యలో ఉండే సన్నని పుల్లను వేలితో కదిపి చూస్తుండండి. కదలకపోతే వాల్వ్ మార్చేదాకా ఆ పాట్ స్టవ్ ఎక్కించకండి.

ప్రశ్న: 15 బార్ అని చెప్పి అమ్మిన ఎస్ప్రెసో మెషిన్ కొన్నాను. పది సెకన్లలో కప్పు నిండిపోతుంది, నోట్లో పెట్టుకోలేనంత పులుపు. పొడి ఎక్కువేసినా తేడా లేదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడపొచ్చా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: బార్ అంటే ఒత్తిడి కొలత. 15 బార్ అన్నది పంపు గరిష్ఠ బలం, అమ్మకానికి పనికొచ్చే అంకె. కాఫీకి కావాల్సింది 9 బార్. ఆ ఒత్తిడి పంపు ఒక్కటే పుట్టించదు, పొడి అడ్డుపడాలి. మీ పొడి బరకగా ఉండి అడ్డం లేక నీళ్లు దూసుకుపోతున్నాయి. ముందుగా కరిగేది పులుపు, ఆ తర్వాత తీపి, చివర చేదు. పది సెకన్లలో మీకు మొదటిదే అందింది.

మిల్లీలీటర్లలో కాదు, గ్రాముల్లో కొలవండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. 18 గ్రాముల పొడికి కప్పులో 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో రావాలి. 15 సెకన్లకే వస్తే పొడి ఇంకాస్త మెత్తగా, 45 పడితే కాస్త బరకగా. ఒకసారి ఒక్కటే మార్చండి. మెత్తదనం, బరువు రెండూ మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. వేళ్ల మధ్య నలిపితే మెత్తని ఉప్పుకన్నా సన్నగా ఉండాలి, గోధుమపిండిలా మాత్రం కాకూడదు. అంత కచ్చితంగా పట్టాలంటే మిక్సీ చాలదు, రాళ్ల మధ్య నలిపినట్టు పట్టే బర్ గ్రైండర్ కావాలి. అది లేకపోతే మెషిన్‌తోపాటు ఇచ్చిన రెండు పొరల జాలీ గిన్నె వాడండి. దాని అడుగున ఒకే ఒక్క చిల్లు ఉంటుంది, ఒత్తిడి అదే పుట్టిస్తుంది కాబట్టి కొట్టు పొడితోనూ నెట్టుకురావచ్చు. చికోరీ పొడి మాత్రం అందులో వేయొద్దు, ఉబ్బి ఆ చిల్లును మూసేస్తుంది.

ఇన్వర్టర్ సంగతి: ఇలాంటి మెషిన్లు నీళ్లు కాగేటప్పుడు వెయ్యి వాట్లు దాటి లాగుతాయి. ఫ్యాన్లు, లైట్లకు పెట్టుకున్న ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అయి ఆగిపోతుంది. ఆ పూట స్టీలు ఫిల్టరే దిక్కు. రెండు నెలలకోసారి లీటరు గోరువెచ్చని నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి మెషిన్‌లోంచి పంపి, తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగండి. కొన్ని కంపెనీలు నిమ్మ ఉప్పు వద్దంటాయి, మీ పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: బెల్లం వేస్తే కాఫీ విరిగిపోతోంది.
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: బెల్లంలో పులుపు, లవణాలు ఉంటాయి. కాఫీకి తన పులుపు ఎలాగూ ఉంది. మరుగుతున్న పాలకు ఈ రెండూ తోడైతే విరగక మానవు, ఎండాకాలం సాయంత్రం పాలైతే మరీను. బెల్లాన్ని వేడి డికాక్షన్‌లో కరిగించి వడకట్టండి. పాలు కాచి, దించి, రెండు నిమిషాలాగి కలపండి. కలిపాక మళ్లీ స్టవ్ ఎక్కించొద్దు.

ప్రశ్న: కొలెస్ట్రాల్ ఉందని డాక్టరు చెప్పారు. కాగితం ఫిల్టర్ వాడమన్నారు, తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: కాఫీ గింజ నూనెలో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం ఆ నూనెను ఆపేస్తుంది, లోహపు జాలీ అంతగా ఆపదు. పొడి నీళ్లలోనే నానే ఫ్రెంచ్ ప్రెస్ కాఫీలో అది బాగా ఎక్కువ. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కొడుకు నోటుపుస్తకంలోని అద్దకం కాగితంతో ఈ పద్ధతి మొదలుపెట్టింది, గసి లేకుండా తాగాలని. గరాటులో కాగితం పెట్టి ముందు వేణ్ణీళ్లతో తడపండి, లేకపోతే అట్ట వాసన వస్తుంది. 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. మొదట 40 పోసి అర నిమిషం ఆగి, మిగతాది మూడు దఫాలుగా పోయండి. మూడు నిమిషాల్లో అయిపోవాలి. ఇది పాలు లేకుండా తాగే కాఫీ. పాలు పోస్తే నీళ్లకాఫీ అవుతుంది.

ప్రశ్న: హైవే మీద టిఫిన్ సెంటర్. ఛాయ్‌తోపాటు ఫిల్టర్ కాఫీ పెడదామనుకుంటున్నాం. పొద్దున నాలుగు గంటల్లో వంద కాఫీలకు ఏమేం కావాలి?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కప్పు 100 మిల్లీలీటర్లనుకుందాం. 25 డికాక్షన్, 75 పాలు. వందకు రెండున్నర లీటర్ల డికాక్షన్, ఏడున్నర లీటర్ల పాలు. పొడి అర కిలో, నీళ్లు మూడున్నర లీటర్లు. ఒక లీటరు పొడిలోనే ఉండిపోతుంది. చక్కెర కప్పుకు 8 గ్రాముల చొప్పున 800 గ్రాములు. పొడి 70:30 తీసుకోండి, చిన్న కప్పులో కాఫీ నిలబడుతుంది.

అంతా ఒకేసారి తీయకండి. పావు కిలో పొడి, లీటరుముప్పావు నీళ్ల చొప్పున రెండు విడతలు. మొదటిది ఐదున్నరకు, రెండోది ఏడున్నరకు. పెద్ద స్టీలు ఫిల్టర్ అయితే అరగంట పైన పడుతుంది, గుడ్డ అయితే పది నిమిషాల పని. గుడ్డను సబ్బుతో ఉతకొద్దు, ఆ వాసన మర్నాటి కాఫీలో తేలుతుంది. ఉత్త వేణ్ణీళ్లలో మరిగించి ఎండలో ఆరేయండి.

తీసిన డికాక్షన్‌ను మంట మీద పెట్టొద్దు. ఛాయ్ ఎంత మరిగితే అంత అంటారు గిరాకీలు, డికాక్షన్ మరిగితే చేదెక్కి పాడవుతుంది. మూత బిగించిన ఫ్లాస్కులోనో, వేణ్ణీళ్ల గిన్నెలో నిలిపిన డబ్బాలోనో ఉంచితే రెండు మూడు గంటలు బాగుంటుంది. పాలు విడిగా పెట్టండి. అల్లం, యాలకులు తగిలిన గిన్నె, జాలీ, గరిట ఏవీ కాఫీ వైపు రాకూడదు. కొత్తగా కాఫీ పెట్టిన హోటళ్లలో గిరాకీ రెండో రోజు రాకపోవడానికి ఛాయ్ జాలీ ఒక్కటి చాలు.

ప్రశ్న: ఎండలకు వేడి కాఫీ తాగలేకపోతున్నాం. కోల్డ్ బ్రూ ఇంట్లో ఎలా?
– ఒక పాఠకురాలు, గద్వాల

జవాబు: చికోరీ లేని బరక పొడి 100 గ్రాములు, చన్నీళ్లు 800 మిల్లీలీటర్లు. సీసాలో కలిపి ఫ్రిజ్‌లో 14 గంటలు. రెండు మడతల గుడ్డలో వడకట్టండి, గుడ్డను పిండొద్దు. అంతే నీళ్లు లేదా పాలు కలిపి తాగండి. వడకట్టింది ఫ్రిజ్‌లో ఐదు రోజులుంటుంది. రంజన్ నీళ్లు చల్లగా ఉన్నాయి కదా, అందులో సీసా నిలబెట్టొచ్చా అని అడిగారు. మే నెల రాత్రికి ఆ చల్లదనం చాలదు, తెల్లారేసరికి పులిసిన వాసన వస్తుంది.